అవ్వ మెచ్చిన పెళ్ళికూతురు

పెళ్ళికూతురి ముస్తాబు పూర్తయింది గానీ పెళ్ళికూతురి తండ్రి మాత్రం ఇంకా ఇల్లు చేరలేదు.

"గంటలో పెళ్ళి పెట్టుకుని ఈ మనిషి ఎక్కడ చచ్చాడు?" అని తల్లి సుమినా గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచింది.

ఎక్కడికి పోతాడు? అవ్వ దగ్గరే ఉన్నాడు.

అవ్వంటే మనిషి కాదు. కరాంగ్లో అనే ఊరి చక్కెర మిల్లులోని ఆవిరి యంత్రం. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఓడ మీద వస్తే, ఎడ్లబళ్ళ మీద ముక్కలు ముక్కలుగా తెచ్చి బిగించారు. జావాలో దాని తోటివన్నీ తుక్కు కిందికి పోయినా ఇది మాత్రం తిరుగుతూనే ఉంది. జకార్తా నుంచి ఇంజనీర్ల సంఘం వాళ్ళు వచ్చి గోడకు ఇత్తడి ఫలకం కూడా కొట్టి వెళ్ళారు, నూట యాభై ఏళ్ళుగా పనిచేస్తున్న యంత్రమని. పెళ్ళికూతురి తండ్రి తుకిమిన్ దానికి పెద్ద మెకానిక్కు. ముప్పై ఏళ్ళుగా దానికి నూనె పోస్తూ, దాన్ని తిడుతూ, మళ్ళీ తనే బుజ్జగిస్తూ బతుకుతున్నాడు.

అలాంటి అవ్వ పోయినేడు సీజను మొదటి రోజే మొరాయించింది. మూడు రోజులు కదిలితే ఒట్టు. కొత్త మేనేజరు హెండ్రో తేల్చి చెప్పేశాడు.

"ఈసారి మొదటి రోజు ఆగిందంటే ఇక అంతే తుకిమిన్ గారూ. కరెంటు మోటారు పెట్టించేస్తా. దీనికి రంగులేసి, చుట్టూ తాడు కట్టి, ఫొటోలు దిగేవాళ్ళకి వదిలేద్దాం."

ఆ మాట విన్నప్పటి నుంచి తుకిమిన్‌కి అన్నం సయించలేదు. పనిచేసే అవ్వను పట్టుకుని బొమ్మను చేస్తారా!

ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం తప్పు యంత్రానిది కాదు, పోయినేటి పెళ్ళికూతురిదని తీర్పు చెప్పేశారు. సీజను మొదలయ్యే రోజున మిల్లు ముంగిట పెళ్ళి చేయడం, అది అయ్యాకే అవ్వకు ఆవిరి వదలడం అక్కడి ఆనవాయితీ. పిల్ల ఒక ఊరిది, పిల్లాడు మరో ఊరివాడు. పోయినేడు పిల్లనిచ్చింది పక్కనున్న కెపూ ఊరివాళ్ళు. పొట్టిది, పైగా పీలది. అది అడుగుపెట్టిన వేళ మంచిది కాదన్నారు.

"ఈ ఏడు నా పిల్లనిస్తాను" అని తుకిమిన్ నలుగురిలో మాటిచ్చేశాడు.

ఆ మాట కోసం సుమినా కూతురు మనిస్‌ని కంటికి రెప్పలా పెంచింది. పురుగూ పుట్రా ముట్టకుండా కాచింది. పిల్ల ఏపుగా, నిటారుగా, ఒంటి మీద మచ్చ లేకుండా ఎదిగింది. తీరా పంపించేయాలనేసరికి ఆవిడకి కడుపు తరుక్కుపోయింది.

నూనె చేతులతోనే పరిగెత్తుకొచ్చిన తుకిమిన్‌ని చూసి నెత్తి కొట్టుకుంది. "కూతురి పెళ్ళికి ఆ అవతారమేంటయ్యా! పో, కడుక్కో. పిల్ల మీద చెయ్యేశావంటే ఊరుకోను."

బాటిక్ బట్ట కప్పి, మల్లెదండలు వేసి మనిస్‌ని మేనాలో ఊరేగించారు. ముందు గామెలాన్ వాద్యాల మోత, వెనక పసుపన్నం గోపురాలు మోస్తున్న ఆడవాళ్ళు. మిల్లు గేటు దగ్గర మరో మేనా ఎదురొచ్చింది. పెళ్ళికొడుకు రోసన్‌ది. వాడి తరఫు పెద్ద కెపూ ఊరి పార్తో. పోయినేటి పిల్ల కూడా అతని ఇంటిదే కాబట్టి మనసులో మంటగానే ఉంది.

"మా వాడు మీ పిల్లకంటే జానెడు పొడుగు" అన్నాడు పార్తో మీసం దువ్వుతూ.

"పొడుగు సరే, లోపల సరుకుందా?" అన్నాడు తుకిమిన్.

"మీ పిల్ల కాస్త వంగినట్టుందే?"

"సిగ్గయ్యా, సిగ్గు. మీ ఊరి పిల్లలకి అలవాటు లేనిది."

జనం గొల్లుమన్నారు. ఊరి పెద్ద ప్రార్థన చదివాడు. పెళ్ళయిపోయింది.

జంటను అవ్వ ముందుకు తీసుకొచ్చారు. తుకిమిన్ బిస్మిల్లా అనుకుని ఆవిరి వాల్వు తిప్పాడు. అవ్వ బుస్సుమంది, దగ్గింది, ఒళ్ళు విరుచుకుంది. పెద్ద చక్రం కదిలింది. కింద మూడు ఇనప రోలర్లూ తిరగడం మొదలెట్టాయి.

చప్పట్లు మోగాయి. హెండ్రో మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు.

"ఉత్తినే తిరగడం గొప్ప కాదు తుకిమిన్ గారూ. పోయినేడూ ఇలాగే తిరిగింది. నోట్లో ముద్ద పెట్టగానే గొంతు పట్టేసింది."

తుకిమిన్ మనిస్‌ని రెండు చేతులా పొదివి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సుమినా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంక పంపించవయ్యా. ఎంతసేపని పట్టుకుంటావు?"

తుకిమిన్ కళ్ళు తుడుచుకుని, మల్లెదండలు తీసేసి, కూతుర్నీ అల్లుణ్ణీ పక్కపక్కనే రోలర్ల మధ్యకు తోశాడు. అవ్వ ఎక్కడా తడబడకుండా ఆ రెండు చెరుకుగడల్నీ కరకరా నమిలేసి, ఈ ఏటి మొదటి రసాన్ని తొట్టిలోకి జలజలా వదిలింది.