లేత జొన్న పిలకలు

"బహూజీ, వో ఛోటా గట్ఠా బఛియా కో ఖిలా దియా క్యా?"

గడ్డి అమ్మే బుధ్‌రామ్ సైకిలుకి స్టాండు కూడా వేయలేదు. గోడకి పడేసి, ఆ చిన్న కట్ట దూడకి పెట్టేశారా అని ఒగరుస్తూ అడిగాడు. పొద్దున్న ఏడింటికి మోపు దింపి వెళ్ళినవాడు తొమ్మిదిన్నరకి మళ్ళీ రావడమే భానుప్రియకి వింతగా ఉంది. అమ్మిన సరుకు సంగతి కనుక్కోవడానికి తిరిగొచ్చిన మనిషిని ఆమె ఈ హిందీ ఊరు తోర్వాలో ఇంతవరకు చూడలేదు.

"ఆ జొన్న కట్టా? పెట్టారో లేదో చూడలేదు. ఏం?"

"మత్ దేనా. ఉసీ ఖేత్ మే మేరీ దో బకరీ గిర్ గయీ."

అదే పొలంలో మేసి అతని మేకలు రెండు పడిపోయాయి. పడ్డవి మళ్ళీ లేవలేదు.

భానుప్రియ క్వార్టర్ వెనక రేకుల పాకలోకి పరుగెత్తింది. ఆవు మేతకు వెళ్ళింది. నేపియర్ గడ్డి మోపు విప్పకుండా అలాగే ఉంది. పక్కనుండాల్సిన చిన్న కట్ట లేదు. నాలుగు పచ్చటి ముక్కలు నేలమీద రాలి ఉన్నాయి. వాటి పక్కనే నాలుగు నెలల పెయ్యదూడ నోరాడిస్తూ నిలబడి ఉంది.

తప్పు బుధ్‌రామ్‌ది కాదు. నేపియర్ ఆకు రంపంలా ఉంది, దూడ నమల్లేక వదిలేస్తోంది, లేతది తెమ్మని వారం రోజులుగా అతని ప్రాణం తీసింది తనే. అతను తెచ్చాడు. గోరు తగిలితే చిరిగిపోయేంత లేతది.

అత్తగారు పెట్టారేమో అడుగుదామని ఫోను చేసింది. భజనకి వెళ్ళిన అప్పలనర్సమ్మ ఫోను ఫ్రిజ్ మీద మోగింది. ఆవిడ దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళదు, అరిగిపోతుందని.

తర్వాత పశువుల డాక్టరు హర్షకి చేసింది. మంచిర్యాల కుర్రాడు, తెలుగువాడు.

"మొక్క ఎంత ఎత్తుందక్కా?"

"మోకాలంత కూడా లేదు బాబూ. బాగా లేతది."

"కోసేసిన మోళ్ళకి వచ్చిన పిలకలా? మధ్యలో నీళ్ళు లేక వాడిందా?"

ఆమె అదే బుధ్‌రామ్‌ని అడిగింది. రెండింటికీ అతను తలూపాడు.

"అది నాము అక్కా. ఆకు ఎంత లేతగా ఉంటే విషం అంత ఎక్కువ. ముదిరి గట్టిపడ్డాకే జొన్న పెట్టాలి."

"లేతదైతే బలమని కదా అందరూ..."

"నేపియర్‌కి నిజమే. ముదిరితే అందులో పీచే మిగులుతది. జొన్న లెక్క వేరు. దూడ ఊపిరి చూస్తుండండి. ఎగబీల్చినా, కాళ్ళు వణికినా, తూలినా వెంటనే చెప్పండి. నేను మంగ్లాలో ఉన్నా. ఇంజెక్షన్ నా దగ్గరుంది, ఇరవై నిమిషాల్లో వస్తా."

భానుప్రియ దూడ పక్కనే కూలబడి దాని డొక్కమీద చెయ్యి వేసింది. చేతికి దడదడ తగులుతోంది. అది దూడదో తనదో తెలియలేదు.

"మేకలు ఎలా పడ్డాయి బుధ్‌రామ్?"

"పెహలే హాఁఫనే లగీ. ఫిర్ పైర్..." అని, ముందు రొప్పడం మొదలైందని చెప్పి, కాళ్ళు ఎలా మడతపడ్డాయో తన మోకాళ్ళు వంచి చూపించబోయాడు.

"చాలు. అంత బాగా చూపించక్కర్లేదు."

దూడ మూతినుంచి సన్నటి తీగలా ఏదో జారింది. నురగ. ఆమె చీర కొంగుతో తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. చొంగే. ఇంకోసారి తుడిచింది. ఇంకోసారి. కొంగు తడిసింది గానీ నురగ కనబడలేదు. కణతలు పోటు పెడుతున్నాయి. గొంతు ఎండి అతుక్కుపోతోంది.

నీళ్ళకోసం లేచింది. పాక ఒక పక్కకి ఒరిగినట్టయి, రాట పట్టుకుంది. భయం కాళ్ళలోకి ఇంతలా దిగుతుందని నలభై రెండేళ్ళలో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"బైఠ్ జావో బహూజీ," అన్నాడు బుధ్‌రామ్. "ఆప్ కా ముఁహ్ లాల్ హో గయా."

మొహం ఎర్రబడదా మరి. దూడ పోతే, విషం అడిగి మరీ తెప్పించింది తనే.

హర్ష వచ్చేసరికి ఆమె సిమెంటు మెట్టుమీద కూర్చుని నోటితో గాలి పీలుస్తోంది. అతను ఇంజెక్షన్ మందు సిరంజిలోకి ఎక్కించి సిద్ధంగా పెట్టుకుని, దూడ చిగుళ్ళు చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. డొక్కకి స్టెత్ ఆనించి విన్నాడు. దూడ అతని చొక్కా అంచు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

"దీనికేం కాలేదక్కా. ఇది ఆ గడ్డి ముట్టనే లేదు."

బుధ్‌రామ్ దూడ నుదుటికి దండం పెట్టాడు. భానుప్రియ నవ్వబోయింది. నవ్వుకి సరిపడా ఊపిరి అందలేదు.

గేటు చప్పుడైంది. అప్పలనర్సమ్మ ప్రసాదం గిన్నెతో వచ్చి, అందర్నీ వరసగా చూసింది.

"ఏటే, డాక్టరుబాబు వచ్చేడేటి? దూడకేటైంది?"

"అత్తమ్మా, ఆ లేత జొన్న కట్ట..." మాటకీ మాటకీ మధ్య ఆగాల్సొచ్చింది. "దూడకి... పెట్టేరా?"

"అంత లేతది దూడకెందుకెడతానే? రోజూ ఏసే గోధుమగడ్డి అయిపోయిందని, ఇందాక నీకిచ్చిన గ్లాసుడు పచ్చరసం దాన్ని మిక్సీలో ఏసి తీసిందే కదే."