గంగులమ్మ వెంటపడితే

రూపశ్రీ కుర్చీ ఆ రోజు ఖాళీగా ఉంది.

తిరుపతిలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తు. కీమో మందు ఎక్కించే హాలు. మూడు వారాలకొకసారి అవే కుర్చీలు, అవే ముఖాలు. కిందటి విడతకు మునిరామయ్య రాలేదు. ఈ విడతకు రూపశ్రీ.

రేవతి చేతికి సూది గుచ్చి నర్సు వెళ్ళిపోగానే, పక్క కుర్చీలోని రాజారత్నం ఇటు వంగాడు.

"సూసినావా మా? వరండాలో తిరిగే ఆ ముసలామె ఎవురి చెయ్యి పట్టుకోని నడిపిస్తాదో, వాళ్ళు మళ్ళా ఈడ కనపడరు."

"ఎవురన్నా ఆమె?"

"గంగులమ్మంట. కార్వేటినగరం. ఆమెకు రోగమూ లేదు, లోపల సుట్టాలూ లేరు. మనతో ఏం పని ఆమెకు?"

రేవతి ఆ ఖాళీ కుర్చీ వైపు చూసింది.

నగరిలో వాళ్ళకు రెండు మరమగ్గాలున్నాయి. పొద్దున లేస్తే ఆ మోతలో పడి తిండి కూడా మరిచిపోయే మనిషి రేవతి. రొమ్ములో గడ్డ తేలాక అంతా తలకిందులైంది. రెండు విడతల మందుకే జుట్టు రాలింది. నోరంతా పూసింది. మంచం దిగడమే మానేసింది.

ఆ సాయంత్రం హాలు బయట బెంచీ మీద కూర్చుని భర్తతో అనేసింది.

"నా వల్ల కాదు. ఇంటికి పిల్చుకోని పో. సచ్చేదేదో ఆడే సస్తా. మళ్ళా రాను."

చక్రధర్ ముఖం తిప్పుకున్నాడు.

రేవతి తల ఎత్తేసరికి ఎదురుగా గంగులమ్మ నిలబడి ఉంది. ఎముకలు తేలిన మనిషి. రెప్ప వేయకుండా రేవతినే చూస్తోంది.

"లెయ్ పాపా," అంటూ చెయ్యి చాచింది. "ఆ కొస దాకా నడస్తాం రా."

రూపశ్రీ కూడా ఈ చెయ్యే పట్టుకుని నడిచింది.

"నన్ను తాకొద్దు!"

రేవతి అరుపుకు నర్సులు పరిగెత్తుకొచ్చారు.

"ఈమెను లోపలికి రానీయొద్దండి. ఎవురితో తిరిగితే వాళ్ళు పోతా ఉండారు!"

రాజారత్నం అవునన్నాడు. ఇంకో నలుగురు అవునన్నారు. కాపలా మనిషి వచ్చి మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

గంగులమ్మ కొంగు సర్దుకుని మెల్లగా దిగిపోయింది.

తర్వాతి విడతకు చక్రధర్ కాళ్ళా వేళ్ళా పడి రేవతిని తీసుకొచ్చాడు. మందు ఎక్కించడం అయ్యాక ఆమె కిటికీలోంచి ఊరికే బయటికి చూసింది.

రోడ్డుకు అవతల, మండుటెండలో, గంగులమ్మ. తల ఎత్తి మూడో అంతస్తు వైపే చూస్తోంది.

"నా కోసమే వచ్చినాది," అంది రేవతి.

కాసేపటికి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

వెళ్ళిపోయిందా? పైకి వస్తోందా?

కూర్చోలేకపోయింది. గోడ పట్టుకుని వరండా అవతలి కొస కిటికీ దాకా నడిచింది. గంగులమ్మ ఆ పక్క గేటు దగ్గర నిలబడి ఉంది. చూస్తుండగానే మళ్ళీ మాయమైంది. రేవతి మళ్ళీ మొదటి కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ పూట అట్లా ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు.

నగరికి వెళ్ళినా భయం వదల్లేదు. ఆ ముసలామె ఇంటికే వచ్చిందేమోనని రోజుకు పదిసార్లు వీధి తలుపు దాకా పోయి చూసొచ్చేది. అట్లా తిరిగి తిరిగి కాళ్ళు నిలదొక్కుకున్నాయి. ఆకలి పుట్టింది. ఒక పొద్దు మగ్గం ముందు నిలబడి, తెగిన పోగు తనే ముడివేసింది. చక్రధర్ కళ్ళప్పగించి చూశాడు.

అయిదో విడతకూ గంగులమ్మ అక్కడే ఉంది, అదే ఎండలో.

ఆఖరిదైన ఆరో విడత నాడు రోడ్డు ఖాళీగా కనిపించింది. పీడ విరగడైంది అనుకుంది రేవతి.

మూడు నెలల తర్వాత పరీక్షల కోసం వచ్చింది. కింది అంతస్తులో వరసలో నిలబడి టీ తాగుతున్న మనిషిని చూసి అక్కడే బిగుసుకుపోయింది.

మునిరామయ్య!

"ఏం మా, పోయినాననుకున్యావా?" ఆయన నవ్వాడు. "మందు అయిపోయినోడు ఆ హాలుకు ఎందుకొస్తాడు?"

"మరి రూపశ్రీ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆ పాప దక్కలే. గంగులమ్మ నడిపించినోళ్ళలో మిగతా నలుగురం బాగుండాం."

"నడిస్తే రోగం పోతాదా అన్నా?"

"యాడ పోతాది? మందుతోనే పోయింది. ఆ మందు తట్టుకునే సత్తువ, ఇంకో విడతకు వచ్చే ధైర్యం ఆమె ఇచ్చినాది. ఇంటికి పోతామని ఎవురన్నా అనేది చెవిన పడితే సాలు, వాళ్ళ వెంట పడేది."

"నేను ఆమెను తరిమేయించినా."

"తెలుసు. 'నన్ను సూసి బయపడి అయినా ఆ పాప కిటికీల కాడికి నడస్తా ఉండాది మునిరామయ్యా, అంతే సాలు' అనింది నాతో."

"ఇప్పుడు యాడుండాది?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"వడదెబ్బ తగిలి పోయింది మా. మూడు నెలలు దాటింది."

రేవతి గోడకు ఆనుకుంది.

"మన కోసం ఆమెకెందుకన్నా ఇంత పాటు?"

మునిరామయ్య మెట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ హాల్లోనే, ఇంక నా వల్ల కాదమ్మా అని కడుపున పుట్టిన బిడ్డ ఏడిస్తే, సూడలేక మందు మధ్యలో మాన్పించి ఇంటికి పిల్చుకోని పోయిన తల్లి ఆమె."