పిడికెడు బియ్యం

"ఈ దొడ్డు బియ్యం మా ఇంట్లో ఎవరూ తినర్లే ఓబులమ్మా. ఆడున్న కోళ్లకు పోసిపో" అన్నాడు నంద్యాల పెద్ద పాస్టరు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఓబులమ్మ సంచి దించి మెట్టు మీద కూలబడింది. సంఘంలోని ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుని పేర తీసిపెట్టే పిడికెళ్లవి. ముప్పై ఏళ్లుగా ఆళ్లగడ్డలో ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, బస్సులో తెచ్చి ఈ గుమ్మంలోనే దించుతోంది.

"ఇందులో కరుణమ్మ పిడికెడు గూడా ఉంది అయ్యగారూ. రాత్రి ఆయమ్మ పిల్లోళ్లకు గంజి తాపి పండబెట్టింది."

"దానికి నన్నేం చేయమంటావ్?"

ఓబులమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, సంచి మళ్లీ తలకెత్తుకుంది.

"యాడికి ఎత్తకపోతాండావ్? అది దేవుని సొమ్ము!"

"అవును అయ్యగారూ, దేవునిదే. అందుకే కరుణమ్మ ఇంటికి తీసకపోతాండా."