తాండూరు చిట్టి

"గిది నీ చిట్టియేనా? మంచిగ చూసి చెప్పు," అంటూ బాల్‌రాజ్ గొలుసు శ్రీహరి చేతిలో పెట్టాడు.

కుక్క శ్రీహరి మోకాలు దాటి ఉంది. నిరుడు ఇదే గుమ్మంలోంచి బాల్‌రాజ్ దాన్ని జేబురుమాలులో చుట్టుకుని వికారాబాద్ తీసుకుపోయాడు.

"నాది కాదు. మార్చినవ్."

"నేనెందుకు మారుస్త? చెవి మీద మచ్చ చూడు."

మచ్చ అదే.

కొడంగల్ సంతలో దొరికిన పొట్టికాళ్ల ఊరకుక్కకు డాక్టరమ్మ ఇంటి పామేరియన్‌ను కలిపి ఈ జాతిని మొదలుపెట్టాడు శ్రీహరి. ప్రతి ఈతలోనూ అన్నిటికన్నా చిన్నదాన్నే ఉంచుకున్నాడు. కలపడం అతని పని, సాకడం భార్య నాగరాణి పని. కందుల బేరం వదిలేసి కుక్కలకు సంబంధాలు చూస్తున్నాడని తాండూరంతా నవ్వింది. మొదటి ఈతల పిల్లలు ఏపుగా పెరిగేసరికి పాపం మంచమే పట్టాడు. ఆ తర్వాత పుట్టినవేవీ జానెడు దాటలేదు; వాటికి 'తాండూరు చిట్టి' అని పేరు పెట్టాడు. ఒళ్లంతా బొచ్చు, మనిషి కనబడితే చాలు చేతులు నాకుతూ ఒళ్లోంచి దిగవు. అంత ప్రేమ ఇంకే జాతికీ లేదని శ్రీహరి గొప్పగా చెప్పుకునేవాడు.

ఆదివారం వికారాబాద్ కుక్కల పోటీలో ఆ జాతిని పదిమందికీ చూపించాలి. పిలిపించింది బాల్‌రాజే.

"నిన్ను నమ్మి అందరికీ చెప్పిన. గిప్పుడు నా మొఖం యాడ పెట్టుకోవాలె?"

"దీని తోడబుట్టినయి మా ఇంట్ల జానెడే ఉన్నయ్. నువ్వే ఏదో సూది మందు ఇప్పించినవ్."

"ఊరకుక్కను అంటగట్టి నన్నే అంటవా? ఇంత దోస్తాన్ చేసి గిదా నువ్వు చేసేది? ఆదివారం రాకు. దీన్ని కూడ నువ్వే ఉంచుకో."

బాల్‌రాజ్ బండి మలుపు తిరిగేదాకా చూసి శ్రీహరి అరుగు మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"చిన్నప్పటి దోస్తు, నాగరాణీ. వెన్నుపోటు పొడిచిండు. పాణమసొంటి జాతిని మట్టిల కలిపిండు."

గడపలో నిలబడ్డ నాగరాణి వచ్చి అతని చేతిలోని గొలుసు అందుకుంది.

"ఆయననేమనకు," అంది. "నీ దిగులు చూడలేక నేనే చేసిన."

"ఏం చేసినవ్?"

"ఇంట్లవాటికి ఎన్నడూ కడుపునిండ పెట్టలే."