ఏడో బొమ్మ

"సామాన్లింకా రాలేదన్నయ్యా," అంటూ తమ్ముడు గది తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

తమ్ముడి గేమింగ్ కంప్యూటరు వేడెక్కకుండా లోపల నీళ్ళ పైపులు ఎలా తిప్పాలో గీసిన ఏడో బొమ్మ అన్న చేతిలో ఉంది. గదిలోంచి నీళ్ళు తిరుగుతున్న చప్పుడు. ముప్పయ్యేళ్ళు ప్లంబరు పని చేసినవాడికి ఆ చప్పుడు తెలీదా? తోసుకుని వెళ్ళాడు.

కంప్యూటరు గాజుపెట్టెలో పైపులు ఎప్పుడో బిగించేశారు. పెట్టె మీద నెలరోజుల దుమ్ముంది.

"మరి నాచేత ఎందుకు గీయించావురా?"

"పని మానేశాక దిగులు పడుతున్నావని... వదినే గీయించమంది."

"అడుగున నీళ్ళు వదిలే కుళాయేదీ? మొదటి బొమ్మలోనే గీశానే!"

తమ్ముడి చూపు బల్ల మీద మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉన్న ఆరు కాగితాల మీదికి పోయింది.

ఒక్కటీ విప్పి చూడలేదన్నమాట.

అన్న బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ వదిన అడిగితే ఏడోది బాగా కుదిరిందని చెప్పు."