పై రేకు

గురువారం ఉపవాసం ఉండేవాడికంటే గురువారం నాడు కూడా కోడికూర తినేవాడికి దేవుడు ఎక్కువ ఎందుకిస్తాడన్న సందేహం వాదిరాజకు పదేళ్లుగా ఉంది. కోడికూర తినేవాడు శేషన్న. ఆదోని తాలూకా ఆఫీసు ఎదుట ఒకే పందిరి కింద, పక్కపక్క బల్లల మీద ఇద్దరూ అర్జీలు టైపు చేస్తారు.

ఎమ్మిగనూరులో ఏజెంటు గురుసిద్దప్ప దుకాణంలో తన టైపు మిషన్ బల్ల మీద పెట్టి నిలబడ్డప్పుడు కూడా వాదిరాజ మనసులో ఆ సందేహమే మెదులుతోంది.

"చూడప్పా, కొని రెండు నెలలు కాలేదు. పై రేకు మీద జానెడు గీత, చివర సొట్ట. ఇదిగో గ్యారంటీ కార్డు."

1978లో అంత ఖరీదైన టైపు మిషన్లు ఆదోనిలో రెండే ఉన్నాయి. ఒకటి వాదిరాజది, ఒకటి శేషన్నది. ముదురాకుపచ్చ రంగు, అద్దంలాంటి మెరుపు. వాదిరాజ భార్య భాగీరథి గాజులు కుదువబెట్టి కొన్నది ఇది.

గురుసిద్దప్ప కార్డు వైపు చూడనేలేదు. కాగితం ఎక్కించి రెండు వరుసలు కొట్టాడు.

"అచ్చరాలు ముత్యాల్లా పడతాండాయి. స్ప్రింగు పోతే మారుస్తాం, కడ్డీ విరిగితే మారుస్తాం. రంగుకు గ్యారంటీ లేదు సామీ."

"పెట్టె విప్పినప్పుడే ఇట్లా ఉండె."

"నా దుకాణం దాటేటప్పుడు ఏ గీతా లేదు. నేనే సూసి, పెట్టెల మీద మీ పేర్లు రాసి, రెండూ శేషన్న సేతికిచ్చినా."

"నా పెట్టెకు ఒక్క నొక్కు కూడా లేదు. దారిలో దెబ్బ తగిలితే పెట్టె నలగదా?"

"అది నన్నడిగితే?"

వాదిరాజకు లెక్క తెలిసిపోయింది. గురుసిద్దప్ప, శేషన్న కలిసి టీ తాగేవాళ్లు. మచ్చలేనిదాని మీద శేషన్న పేరు రాశాడు, మచ్చదాని మీద తన పేరు రాశాడు. ఆ రోజు తాను వచ్చి ఏరుకుని ఉండేవాడే. కానీ ఆరాధనకని మంత్రాలయంలో ఉన్నాడు. స్వామి సేవకు పోయినందుకు ఇదా ఫలం?

"కొత్త రేకు తెప్పిస్తావా?"

"మద్రాసు నుంచి రావల్ల. తొంభై రూపాయలు. పనేముంది, నాలుగు స్క్రూలు. మీ రెండు మిషన్లూ ఒకటే అచ్చు. దాని రేకు దీనికి, దీని రేకు దానికి సరిపోతాది."

తొంభై రూపాయలు వాదిరాజ దగ్గర లేవు. మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

మరునాడు దేవనకొండ నుంచి సుంకమ్మ అనే ముసలామె పట్టా అర్జీ కోసం వచ్చింది. ఖాళీగా ఉన్న వాదిరాజను దాటి శేషన్న ముందు నలుగురి వెనక నిలబడింది.

"ఏమమ్మా, ఈడ నేను లేనా?"

"ఆ మెరిసే మిషన్ కాడ కొట్టించుకుంటే తాసిల్దారు బిన్నా, అందరికన్నా ముందే సదువుతాడంట సామీ."

జనం నవ్వారు. శేషన్న తలెత్తకుండా అన్నాడు. "పోవ్వా, సామి కాడికే పో. ఆయప్ప నాకన్నా బాగ కొడతాడు."

ఆమె కదల్లేదు. నవ్వినవాళ్లకంటే ఆ జాలి మాటే వాదిరాజకు ఎక్కువ మంటపెట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో భాగీరథి ఖాళీ బియ్యం డబ్బాను తట్టి వినిపించింది.

దసరా వచ్చింది. శేషన్న తన మిషన్ పెట్టే బీరువా తాళం తెచ్చి వాదిరాజ చేతిలో పెట్టాడు.

"దేవరగట్టు జాతరకు, కట్టెల సమరానికి పోతాండా సామీ. ఆయుధపూజ నా మిషన్‌కు కూడా నువ్వే సెయ్యి. నీ సేతి కుంకుమైతే నాకు కలిసొస్తాది."

ఇంకా కలిసిరావాలా, అనుకున్నాడు వాదిరాజ.

నవమి నాడు మడి కట్టుకుని రెండు మిషన్లనూ పక్కపక్కన పెట్టాడు. లోపల చేరిన పత్తి దుమ్ము తుడవాలని రెండింటి పై రేకులూ విప్పాడు. బల్ల మీద ఎనిమిది స్క్రూలు, రెండు రేకులు. స్తోత్రం చదువుతూనే తుడిచాడు. బిగించేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆగలేదు.

శేషన్న మిషన్ మీద గీత పొడుగునా కుంకుమ దట్టంగా పెట్టాడు.

మూడోనాడు శేషన్న తలకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"దెబ్బ బాగా తగిలిందా?"

"దేవరగట్టు మాళమల్లన్న కాడ తగిలిన దెబ్బ సామీ. బండారు పసుపు పెడితే మానుతాది."

కూర్చుని, మిషన్ మీది కుంకుమ తుడిచాడు. సొట్ట మీద బొటనవేలు ఒకసారి ఆనించాడు. కాగితం ఎక్కించి పని మొదలుపెట్టాడు.

వారం తిరిగేసరికి సుంకమ్మ రెండో అర్జీతో వచ్చి నేరుగా వాదిరాజ ముందు కూర్చుంది. ఆమె వెనక ఇంకో ముగ్గురు. డబ్బాలోకి బియ్యం వచ్చాయి. కానీ గురువారం స్వామి పటం ముందు నిలబడితే వాదిరాజ కళ్లు పైకి లేవలేదు. అట్లే పందిరి దగ్గరికి నడిచాడు.

"శేషన్నా, పూజ నాడు నీ రేకు తీసి నా మిషన్‌కు బిగించుకున్నా. నమ్మి తాళం ఇచ్చినవాడికి ద్రోహం చేసినా. స్క్రూడ్రైవర్ తెచ్చినా, ఇప్పుడే మార్చిస్తా."

శేషన్న వేళ్లు ఆగాయి.

"తెలుసు సామీ. వచ్చిన పొద్దే సూసినా."

"మరి పదిమందిలో నిలబెట్టి అడగలేదే?"

"ఏ మొగం పెట్టుకోని అడిగేది?" స్క్రూడ్రైవర్ తీసుకుని తన సొరుగులో వేసి మూశాడు. "ఆ రేకు నీ కాడే ఉండనీ. నాకూ ఒక బాకీ తీరిపాయ. ఎమ్మిగనూరు నుంచి మిషన్లు తెస్తాంటే బస్సు మీంచి నా పెట్టె కింద పడిపాయ."

"నీ పెట్టె పడితే గీత నా మిషన్ మీదికి ఎట్లా వచ్చింది?"

శేషన్న తల దించుకున్నాడు.

"మొదట రేకు మార్చినోణ్ణి నేనే సామీ."