రెండు ముక్కల ట్రాక్టర్

"రాలేదన్నా," అన్నాడు ఫోనులో అవతలి మనిషి, గంగారాం హలో అనకముందే.

గంగారాంకు ఒళ్ళు మండింది. "నేనెవరో అడగకుండనే రాలేదంటవేంది? ఎల్లారెడ్డి గంగారాంను! ట్రాక్టర్ క్లచ్ ప్లేటు!"

"ఎరుకేనన్నా. రోజు నాలుగుసార్లు చేస్తవు గదా. రాలేదు."

"ఇంకెన్నడొస్తది?"

"నాకేం తెల్వదన్నా. వచ్చిననాడు వస్తది."

ఫోను పెట్టేశాడు. గంగారాం గట్టు మీద నిలబడి తన ట్రాక్టర్‌ను చూసుకున్నాడు. మొత్తం చూడాలంటే తల అటూ ఇటూ తిప్పాలి. మెకానిక్ భీమేష్ దాన్ని నడుముకాడికి విప్పి, ఇంజను ఒకపక్క, సీటు ఒకపక్క నిలబెట్టి, "ప్లేటు తెప్పియ్యి, పూటల బిగిస్త" అని చెప్పి వెళ్ళాడు. వెళ్ళి తొమ్మిది రోజులైంది.

ఆ రోజే గంగారాం కామారెడ్డిలో స్పేర్ పార్టుల దుకాణానికి ఫోన్ చేశాడు. సేటు ఎంత ముద్దుగా మాట్లాడాడో! "సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిస్త. నువ్వు బస్టాండ్ల నిలబడు, చాలు" అన్నాడు. గంగారాం నిలబడ్డాడు. డ్రైవర్ పార్సిల్ ఇచ్చాడు. విప్పి చూస్తే స్కూటీ అద్దం.

మర్నాటి నుంచి సేటు మళ్ళీ ఫోనుకు చిక్కితే ఒట్టు. ఎప్పుడు చేసినా ఈ గొంతే. గుమస్తా కాబోలు అనుకున్నాడు గంగారాం. అలాంటి సేటుకు ఇలాంటి గుమస్తానే దొరుకుతాడని కూడా అనుకున్నాడు.

అసలు బెంగ నారుది. మడి దున్నాలి, నాటు వేయాలి. నారు చూస్తే రోజురోజుకీ ముదిరిపోతోంది. ఇంకో నాలుగు రోజులు పోతే పశువులకు వేయడానికి తప్ప పనికిరాదు. కిరాయి ట్రాక్టర్ పిలుద్దామంటే, తన ట్రాక్టర్ రెండు ముక్కలూ మడికి పోయే ఒకే ఒక్క దారికి అడ్డంగా కూర్చున్నాయి. ఊళ్ళో అందరి మళ్ళూ పచ్చబడ్డాయి. తనదొక్కటే బోసిగా ఉంది. అది చూసినప్పుడల్లా గంగారాంకు ఏడుపొచ్చినంత పనవుతోంది.

అతని భార్య ఈరవ్వ మాత్రం ఆ స్కూటీ అద్దాన్ని ఇంజను ముక్కకు వేలాడదీసి తల దువ్వుకుంటోంది.

"నీ సేటు మంచోడే. అద్దం మస్తుగున్నది," అంది.

"పుండు మీద కారం జల్లకే!"

"ఫోన్ల మొత్తుకుంటే ప్లేటొస్తదా? బస్సెక్కి పో. ప్లేటు లేకుంట ఇంటికి రాకు."

గంగారాం బస్సెక్కాడు. దారి పొడవునా తిట్లు వెతుక్కుంటూ, బాగున్నవాటిని పక్కన పెట్టుకుంటూ కామారెడ్డిలో దిగాడు.

దుకాణంలో ఉన్నదొకటే కుర్చీ. అది కౌంటర్ వెనక, ఫ్యాను కింద ఉంది. అందులో ఒక సన్నటి మనిషి కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకొని తింటున్నాడు. పక్కనే దుకాణం ఫోను ఛార్జింగులో ఉంది.

"నేను గంగారాంను!"

"ఓ, క్లచ్ ప్లేటా? రాలేదన్నా." ఆ గొంతే.

"సేటేడి?"

"పొద్దుగాల షట్టర్ లేపిండు. ఇప్పుడే వస్తనని పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"షట్టర్ గుంజెటప్పుడు."

గంగారాం దాచుకొచ్చిన తిట్లన్నీ ఒక్క గుక్కలో కుమ్మరించాడు. నారు సంగతి, నాటు సంగతి, అద్దం సంగతి అన్నీ చెప్పాడు. అవతలి మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. మామిడికాయ ముక్క చప్పరిస్తూ తల ఊపుతూ విన్నాడు.

"నీ గోస నాకెరుకేనన్నా," అన్నాడు.

"ఏం ఎరుక? ఫ్యాను కింద కూసొని బుక్కుతున్నవు! నీకేం ఎరుక?"

ఇంతలో ఒకాయన వచ్చి బండి ప్లగ్గు అడిగాడు. కుర్చీలోని మనిషి తలైనా ఎత్తకుండా, "సేటు లేడు. రేపు రా" అన్నాడు. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"గిట్లనేనా గిరాకితోని మాట్లాడేది?" గంగారాం గుండెలు బాదుకున్నాడు. "నీ అసొంటోడు కూసుంటే దుకాణం మునుగుతది!"

"మునగనియ్యన్నా," అన్నాడు అతను తాపీగా.

గంగారాం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కౌంటర్ మీద దబీమని చరిచాడు. "అయితే విను! నేను ఇయ్యాల కదల. ప్లేటు చేతిల పడేదాంక ఈడనే కూసుంట! రేపొస్త, ఎల్లుండొస్త, ఎవడు లేపుతడో చూస్త!"

ఆ మాటతో అవతలి మనిషి ముఖం ఒక్కసారి వికసించింది. గబగబా లేచి, మూల నుంచి ఖాళీ ఆయిల్ డబ్బా దొర్లించుకొచ్చాడు. బోర్లించి, తువ్వాలుతో తుడిచి తన కుర్చీ పక్కన పెట్టాడు.

"కూసో అన్నా. రేపటి సంది సద్ది తెచ్చుకో. ఈడ హోటల్లు దూరం. ఫోను మోగితే రాలేదను, గంతే. ఎక్కువ మాట్లాడితే తిడ్తరు."

గంగారాం నోరు తెరిచాడు. "మీ దుకాణం ఫోను నేనెందుకెత్తాలె?"

"మోగుతుంటే చెవులు నొస్తయన్నా, ఎవరో ఒకరం ఎత్తాలె గదా," అన్నాడతను చెయ్యి కడుక్కుంటూ. "నేను ఆటో సైలెన్సర్ కోసమొచ్చి పదకొండు దినాలాయె."